రోలెక్సా, ఒమేగానా: ఏది మేలు?

స్విట్జర్లాండ్‌లో బియెన్ అని ఒక మోస్తరు ఊరుంది. ఫ్రెంచి, జర్మన్ రెండూ నడిచే ఊరు. ఒమేగా 1880 నుంచి అక్కడే ఉంది. రోలెక్స్ పేరు చెప్పగానే అందరికీ జెనీవా గుర్తొస్తుంది గానీ, ఆ వాచీల లోపలి యంత్రం తయారయ్యేది కూడా బియెన్‌లోనే. అది గొప్పా ఇది గొప్పా అని ప్రపంచమంతా వాదించుకునే రెండు వాచీలూ ఒకే ఊరి పనివాళ్ల చేతుల్లోంచి వస్తున్నాయన్నమాట.

మన దగ్గర ఈ ప్రశ్న ఎక్కువగా రెండు సందర్భాల్లో వస్తుంది. కాబోయే అల్లుడికి మంచి వాచీ పెట్టాలనుకున్నప్పుడు ఒకటి. ఉద్యోగంలో పదేళ్లు గడిచాక తన కోసం తాను ఒక ఖరీదైన వస్తువు కొనుక్కోవాలనిపించినప్పుడు ఇంకొకటి. అడిగిన ప్రతివాళ్లకూ ఒకటే జవాబు దొరుకుతుంది: "రోలెక్స్ తీసుకో, రేటు పడిపోదు." మాట నిజమే. కానీ అది వాచీ గురించి చెప్పిన మాట కాదు, రేటు గురించి చెప్పిన మాట. చేతికి కట్టుకుని ఇరవై ముప్ఫై ఏళ్లు తిరిగే మనిషికి వాచీ సంగతి కూడా తెలియాలి. అందుకే ఈ రెండు కంపెనీలూ వాచీకి ఏం చేశాయో ముందు చూసి, కొనే సంగతి తరవాత మాట్లాడతాను.

రోలెక్స్ పెట్టినాయన హాన్స్ విల్స్‌డార్ఫ్. 1881లో జర్మనీలోని బవేరియాలో పుట్టాడు. 1905లో లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ డేవిస్‌తో కలిసి వాచీల వ్యాపారం మొదలుపెట్టాడు. ఆయన స్వయంగా వాచీలు చేసే పనివాడు కాదు. స్విట్జర్లాండ్ నుంచి యంత్రాలు తెప్పించి, కేసుల్లో పెట్టించి అమ్మేవాడు. ఆ రోజుల్లో మగవాళ్లంతా జేబు గడియారం వాడేవారు. చేతి వాచీ అంటే ఆడవాళ్ల నగ అనుకునేవారు, అది సరైన టైము చూపిస్తుందని ఎవరూ నమ్మేవారు కాదు. నమ్మించి తీరాలని విల్స్‌డార్ఫ్ పట్టుబట్టాడు. 1908లో రోలెక్స్ పేరు రిజిస్టర్ చేయించాడు. 1910లో ఆయన వాచీకి బియెన్‌లోని అధికారిక పరీక్షా కేంద్రం సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ సర్టిఫికెట్ అందుకున్న మొదటి చేతి వాచీ అదే. 1914లో ఇంగ్లండ్‌లోని క్యూ అబ్జర్వేటరీ 45 రోజులు పరీక్షించి 'ఎ' తరగతి సర్టిఫికెట్ ఇచ్చింది. అంతవరకూ ఓడల్లో వాడే పెద్ద క్రోనోమీటర్లకు, అంటే కచ్చితత్వం పరీక్షించి తేల్చిన గడియారాలకు, ఇచ్చే గౌరవం అది. ఈ రెండు సర్టిఫికెట్లూ బయటివాళ్లు ఇచ్చినవే. ఈ సంగతి కింద మళ్లీ అవసరమవుతుంది.

ఒమేగా దారి వేరు. 1848లో లా షో-ద-ఫాన్‌లో లూయీ బ్రాండ్ అనే కుర్రాడు పెట్టిన చిన్న వ్యాపారం అది. ఇళ్లలో పనివాళ్లు చేసి ఇచ్చిన భాగాలను కూర్చి వాచీలు తయారుచేసేవాడు. ఆయన కొడుకులు లూయీ-పాల్, సెజార్ ఆ పద్ధతి మార్చి, బియెన్ చేరి, యంత్రాలతో నడిచే ఫ్యాక్టరీ కట్టారు. 1894లో 'ఒమేగా' అని పేరు పెట్టిన ఒక కాలిబర్ తయారుచేశారు. కాలిబర్ అంటే వాచీ లోపలి యంత్రం. అందులో ఏ భాగం పాడైనా అదే భాగం కొత్తది తెచ్చి నేరుగా పెట్టేయొచ్చు. అరగదీసి సరిచేయాల్సిన పని లేదు. చేత్తో చేసిన వాచీల్లో ఒకదాని చక్రం ఇంకోదాంట్లో పట్టని కాలంలో ఇది చాలా పెద్ద మార్పు. ఆ యంత్రం ఎంత పేరు తెచ్చిందంటే, 1903కల్లా కంపెనీకే దాని పేరు పెట్టుకున్నారు.

నీళ్లూ, దుమ్మూ, మరిచిపోయిన కీ

రోజూ వాడుకునే మనిషికి రోలెక్స్ చేసిన మేలు ఇంకే కంపెనీ చేయలేదని నేను నమ్ముతాను. కారణం 1926 నాటి ఆయిస్టర్ కేసు. అప్పటి వాచీలకు తేమ, దుమ్ము ప్రాణాంతకం. నీళ్లు దూరడానికి సులువైన చోటు కీ ఇచ్చే క్రౌన్. దాని కాడ కేసు లోపలికి వెళ్లాలి కాబట్టి అక్కడ ఎప్పుడూ ఒక కన్నం ఉంటుంది. పెర్రెగో, పెరే అనే ఇద్దరు స్విస్ పనివాళ్లు క్రౌన్‌ను మర తిప్పినట్టు తిప్పి బిగించే ఉపాయం కనిపెట్టి 1925లో పేటెంట్ తీసుకున్నారు. విల్స్‌డార్ఫ్ ఆ పేటెంట్ కొనేసి, ముందు వైపు, వెనక మూత, క్రౌన్ అన్నీ మరలతో బిగుసుకునే కేసు తయారుచేయించాడు.

జనాన్ని నమ్మించడంలో ఆయనకు సాటి లేరు. మెర్సెడిస్ గ్లీట్జ్ అనే ఇంగ్లండ్ అమ్మాయి 1927 అక్టోబరులో ఇంగ్లిష్ చానెల్ ఈదింది. ఇంతలో ఇంకొకావిడ తానూ ఈదానని దొంగ మాట చెప్పి గొడవ రేపడంతో, గ్లీట్జ్ తన నిజాయతీ నిరూపించుకోవడానికి అదే నెలలో మళ్లీ నీళ్లలోకి దిగింది. ఈసారి విల్స్‌డార్ఫ్ ఇచ్చిన ఆయిస్టర్ ఆమె మెడలో వేలాడుతోంది. గడ్డకట్టించే చలిలో పది గంటలకు పైగా ఈదాక ఆమెను పైకి తీయాల్సి వచ్చింది, అవతలి ఒడ్డు చేరలేకపోయింది. వాచీ మాత్రం ఆగకుండా నడుస్తూనే ఉంది. నవంబరులో డైలీ మెయిల్ పత్రిక మొదటి పేజీ మొత్తం కొనేసి ఆ కథ చెప్పాడు విల్స్‌డార్ఫ్.

అయినా ఒక ఇబ్బంది మిగిలింది. రోజూ కీ ఇవ్వడానికి క్రౌన్ విప్పాలి, విప్పినవాళ్లు మళ్లీ బిగించడం మరిచిపోతారు. అసలు కీ ఇవ్వాల్సిన పనే లేకపోతే? 1931లో పెర్పెచ్యువల్ రోటర్ వచ్చింది. చెయ్యి కదిలినప్పుడల్లా అర్ధచంద్రం ఆకారంలో ఉన్న బరువు చుట్టూ తిరిగి, వాచీని నడిపించే స్ప్రింగ్ అయిన మెయిన్‌స్ప్రింగ్‌ను చుడుతుంది. చెయ్యి కదలికతో కీ ఎక్కే వాచీని అంతకుముందే ఇంగ్లండ్‌లో జాన్ హార్‌వుడ్ చేశాడు. కానీ అందులో బరువు కొంతదూరం పోయి, తగిలి వెనక్కి వచ్చేది. రెండు వైపులా పూర్తిగా తిరిగే రోటర్‌ను ఆయిస్టర్ కేసులో పెట్టి నమ్మకంగా నడిపించింది రోలెక్స్. ఇవాళ ప్రపంచంలో దాదాపు ప్రతి ఆటోమేటిక్ వాచీలో తిరిగేది ఆ పద్ధతి రోటరే. 1945లో డేట్‌జస్ట్ వచ్చింది, తారీఖు కిటికీలో కనిపించే ఆటోమేటిక్ క్రోనోమీటర్‌గా. 1953లో నీటి అడుగున ఈదేవాళ్ల కోసం సబ్‌మెరీనర్. అక్కడి నుంచి డెబ్భై ఏళ్లుగా అవే వాచీలను దిద్దుకుంటూ వస్తోంది. వందేళ్ల కింద చేసిన పనిని ఇంకా మెరుగుపెడుతూ కూర్చోవడం అందరికీ చేతకాదు. ఆ ఓపిక మీద నాకు చాలా గౌరవం.

బయటివాళ్ల పరీక్ష

ఒమేగా గొప్పతనం ఇంకో చోట ఉంది. తన వాచీని ఎప్పుడూ బయటివాళ్ల చేతిలో పెట్టి, తేల్చమని అడగడంలో ఉంది.

1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో అన్ని ఆటల టైమూ ఒమేగాయే చూసింది. ఒకే కంపెనీ చూడటం అదే మొదటిసారి. బియెన్ నుంచి ఒక్క టెక్నీషియన్ 30 స్టాప్‌వాచీలతో వెళ్లాడు. అవి సెకనులో పదో వంతు వరకూ కొలిచేవి. పారిస్ ఒలింపిక్స్‌లో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తినప్పుడు, సెకనులో వందో వంతు దాకా లెక్క తేల్చినవి కూడా ఒమేగా పరికరాలే.

ఇక నాసా సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ రెండు కంపెనీలూ ఒకే బల్ల మీద పరీక్షకు కూర్చున్న సందర్భం ఇది. వ్యోమగాములకు వాచీ కావాలని 1964లో నాసా కొన్ని కంపెనీలను క్రోనోగ్రాఫ్‌లు, అంటే స్టాప్‌వాచీ కూడా ఉన్న వాచీలు, పంపమంది. చేతి వాచీలు పంపినవాళ్లలో రోలెక్స్, లాంజీన్స్-విట్‌నావర్, ఒమేగా ఉన్నాయి. హ్యూస్టన్‌లో జేమ్స్ రేగన్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో వాటికి పదకొండు రకాల పరీక్షలు పెట్టారు. 71 డిగ్రీల సెల్సియస్ వేడిలో 48 గంటలు ఉంచి, ఆపైన 93 డిగ్రీలకు పెంచి అరగంట ఉంచారు. గడ్డకట్టే చలి, తేమ, గాలి లేని చోటు, దెబ్బలు, అదురు, చెవులు బద్దలయ్యే శబ్దం, అన్నీ ఉన్నాయి. తేమ పరీక్షలో రోలెక్స్ ఆగిపోయింది. వేడిలో దాని సెకన్ల ముల్లు వంకర తిరిగి మిగతా ముళ్లకు తగులుకుంది. లాంజీన్స్ అద్దం వంగి ఊడింది. ఒమేగా స్పీడ్‌మాస్టర్ అన్నీ తట్టుకుంది. 1965 మార్చి 1న దాన్ని మనుషులు వెళ్లే ప్రయాణాలన్నిటికీ ఖాయం చేశారు. అదే జూన్‌లో ఎడ్ వైట్ అంతరిక్షంలో నడిచినప్పుడు అది ఆయన చేతికి ఉంది. 1969లో చంద్రుడి మీదికి వెళ్లింది. ల్యాండర్‌లోని గడియారం పాడైతే ఆర్మ్‌స్ట్రాంగ్ తన వాచీని లోపల వదిలి దిగాడు. అందుకని చంద్రుడి నేల మీదికి మొదట దిగిన వాచీ ఆల్డ్రిన్ చేతిది.

అన్నిటికంటే నన్ను కదిలించేది 1970 ఏప్రిల్‌లో చంద్రుడి వైపు బయల్దేరిన అపోలో 13. ఆక్సిజన్ ట్యాంకు పేలి, కరెంటు పొదుపు కోసం అంతరిక్ష నౌకలో చాలా పరికరాలు ఆపేశారు. భూమి వాతావరణంలోకి సరైన కోణంలో రావాలంటే ఇంజను సరిగ్గా 14 సెకన్లు మండాలి. వ్యోమగామి జాక్ స్విగర్ట్ తన చేతి ఒమేగా చూసి ఆ 14 సెకన్లు లెక్కపెట్టాడు. ముగ్గురూ క్షేమంగా తిరిగి వచ్చారు. ఆ సాయానికి వ్యోమగాములు అదే ఏడాది ఒమేగాకు సిల్వర్ స్నూపీ అవార్డు ఇచ్చారు.

రోలెక్స్‌కు అన్యాయం జరక్కుండా ఒక మాట. నాసా పరీక్షలో ఓడింది అరవైల నాటి ఒక మోడల్, రోలెక్స్ ఇప్పటి క్రోనోగ్రాఫ్ డేటోనా కాదు. పైగా అప్పట్లో ఆ కంపెనీలు క్రోనోగ్రాఫ్ యంత్రాలను బయటినుంచి తెచ్చుకునేవి. స్పీడ్‌మాస్టర్‌లోని 321 కాలిబర్ మూలం కూడా లెమానియా అనే కంపెనీది. అటు సముద్రం లోతులో రోలెక్స్‌దే పైచేయి: 1960 జనవరి 23న ట్రియెస్ట్ అనే జలాంతర నౌక మరియానా ట్రెంచ్ అడుగుకు, 10,916 మీటర్ల లోతుకు దిగినప్పుడు, నౌక బయట కట్టిన రోలెక్స్ ప్రయోగ వాచీ నడుస్తూనే తిరిగొచ్చింది.

క్వార్ట్జ్ కాలం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1969లో సీకో బ్యాటరీ వాచీ తెచ్చాక స్విస్ పరిశ్రమ కుదేలైంది. రోలెక్స్ విల్స్‌డార్ఫ్ ఫౌండేషన్ సొత్తు కావడంతో తన దారిన తాను నిలబడింది. ఒమేగా అన్ని రకాలూ చేయబోయి పేరు పలచన చేసుకుంది. దాని మాతృ సంస్థ అప్పుల్లో మునిగితే 1983లో ఇంకో పెద్ద గ్రూపుతో కలిపారు. నికొలాస్ హయక్ అనే వ్యాపారవేత్త చేతిలోకి వచ్చాక తేరుకుంది. ఇవాళ స్వాచ్ గ్రూపులో ఉంది. పాత ఒమేగాల మార్కెట్ విలువ రోలెక్స్ కంటే తక్కువ ఉండటానికి ఆ ఇరవై ఏళ్ల గందరగోళం ఒక పెద్ద కారణం.

టిక్ టిక్ ఎక్కడ పుడుతుంది

మెయిన్‌స్ప్రింగ్‌లో చుట్టుకున్న బలం ఒక్కసారిగా విడిపోకుండా, లెక్క ప్రకారం కొంచెం కొంచెంగా వదిలే భాగం ఎస్కేప్‌మెంట్. టిక్ టిక్ చప్పుడు దానిదే. దాదాపు అన్ని మెకానికల్ వాచీల్లో ఉండేది లివర్ పద్ధతి. రెండు కొసల్లో కెంపు రాళ్లు బిగించిన చిన్న లివర్ ఒకటి ఉంటుంది. చక్రం పన్ను ఆ రాయి మీద జారుతూ దాన్ని తోస్తుంది, లివర్ వెళ్లి అటూ ఇటూ ఊగుతూ టైము లెక్కపెట్టే బ్యాలెన్స్ చక్రాన్ని తోస్తుంది. జారే చోట నూనె కావాలి. నూనె ఏళ్లు గడిచేకొద్దీ చిక్కబడుతుంది, ఎండుతుంది, వాచీ టైము తప్పుతుంది. రెండున్నర శతాబ్దాలుగా వాచీ పనివాళ్లను పీడించింది ఈ నూనె చుక్కే.

జార్జ్ డేనియల్స్ అనే ఇంగ్లిషాయన ఒక వాచీ మొత్తం, కేసు నుంచి చక్రాల దాకా, ఒంటి చేత్తో తయారుచేసేవాడు. డెబ్భైల్లో ఆయన కో-యాక్సియల్ ఎస్కేప్‌మెంట్ కనిపెట్టాడు. ఒకే ఇరుసు మీద రెండు చక్రాలు, లివర్ మీద అదనంగా ఇంకో రాయి. ఇందులో పన్ను రాయి మీద పొడవునా రాసుకుంటూ పోదు. ఊగుతున్న ఉయ్యాలను సరైన క్షణంలో ఒక్క తోపు తోసి చెయ్యి తీసేసినట్టు, తగిలి తోసి తప్పుకుంటుంది. రాపిడి బాగా తగ్గుతుంది, నూనె మీద ఆధారపడటమూ తగ్గుతుంది. డేనియల్స్ ఏళ్ల తరబడి పెద్ద పెద్ద స్విస్ కంపెనీల చుట్టూ తిరిగాడు. చివరికి హయక్ నాయకత్వంలో ఒమేగా ఒప్పుకుని 1999లో అమ్మకానికి తెచ్చింది. మొదట్లో తిప్పలు తప్పలేదు. 2500 కాలిబర్ వేగాన్ని గంటకు 28,800 నుంచి 25,200 ఊపులకు తగ్గించాల్సి వచ్చింది. 2007లో ఈ ఎస్కేప్‌మెంట్ కోసమే మొదటినుంచీ గీసిన 8500 కాలిబర్ వచ్చాక అది కుదురుకుంది.

ఒక పోలిక గమనించండి. రోలెక్స్‌కు బిగించే క్రౌన్ ఇద్దరు బయటి పనివాళ్ల నుంచి వచ్చింది. ఒమేగాకు కో-యాక్సియల్ బయటి ఇంగ్లిషాయన నుంచి వచ్చింది. రెండు చోట్లా కంపెనీ గొప్పతనం కనిపెట్టడంలో లేదు. ఒక్కడు బల్ల మీద చేసిన దాన్ని లక్షల వాచీల్లో తప్పకుండా నడిచేలా చేయడంలో ఉంది. నా దృష్టిలో రెండోదే కష్టం.

రోలెక్స్ లివర్ పద్ధతినే నమ్ముకుని దాన్ని సానపెట్టింది. 2015లో క్రోనర్జీ పేరుతో బలం వృథా తగ్గించి 70 గంటలు నడిచే 3255 కాలిబర్ తెచ్చింది. 2025లో మాత్రం ల్యాండ్-డ్వెల్లర్ అనే వాచీలో డైనపల్స్ అనే కొత్త ఎస్కేప్‌మెంట్ పెట్టింది. సిలికాన్‌తో చేసిన రెండు పంపిణీ చక్రాలు, జారుడు కాకుండా దొర్లుడు. అంటే లివర్ దాటి పోవాలన్న ఆలోచనకు రోలెక్స్ కూడా వచ్చింది, ఒమేగా వచ్చిన పాతికేళ్లకు. ఈ విషయంలో మొదట సాహసించింది ఒమేగాయే అని చెప్పడానికి నాకు సందేహం లేదు.

ఇంకొకటి అయస్కాంతం. ఇది మన రోజువారీ సమస్య. ఫోను వెనక చార్జింగ్ అయస్కాంతం, ల్యాప్‌టాప్ మూత, స్పీకరు, హ్యాండ్‌బ్యాగ్ బొత్తాం, ట్యాబ్ కవరు, అన్నిట్లో అయస్కాంతాలే. మామూలు మెకానికల్ వాచీ వాటి పక్కన పడుకుంటే, బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుని, రోజుకు నిమిషాల లెక్కన ముందుకు పరిగెత్తుతుంది. రోలెక్స్ 1956లోనే శాస్త్రవేత్తల కోసం 1,000 గాస్ (గాస్ అంటే అయస్కాంత బలానికి కొలత) తట్టుకునే మిల్‌గాస్ చేసింది. 2000లో నయోబియం, జిర్కోనియం కలిపిన ప్యారాక్రోమ్ హెయిర్‌స్ప్రింగ్ తెచ్చింది. ఒమేగా సిలికాన్ హెయిర్‌స్ప్రింగ్‌తో పాటు మిగతా భాగాల లోహాలు కూడా మార్చి, 2013లో 15,000 గాస్ దాటినా పట్టించుకోని వాచీ చూపించింది. అదీ లోపల ఇనుప కవచం లేకుండా, వెనక అద్దంలోంచి యంత్రం కనిపిస్తూ. ఇప్పుడు ఆ గుణం ఏదో ఒక ప్రత్యేక మోడల్‌కు కాదు, దాని మెకానికల్ వాచీల్లో చాలా వాటికి ఉంది.

ఎవరి సర్టిఫికెట్ ఎంత

రోలెక్స్ ప్రతి వాచీ యంత్రాన్నీ వాచీల కచ్చితత్వం పరీక్షించే సీవోఎస్‌సీ అనే స్విస్ సంస్థకు పంపుతుంది. తరవాత కేసులో బిగించి, సొంతంగా మళ్లీ పరీక్షించి, రోజుకు రెండు సెకన్లకు మించి ముందుకూ పోదు వెనక్కూ రాదు అని హామీ ఇస్తుంది. ఆకుపచ్చ ముద్ర దానికి గుర్తు. ఒమేగా 2015 నుంచి సీవోఎస్‌సీ తరవాత స్విస్ ప్రభుత్వ కొలతల సంస్థ మెటాస్ పర్యవేక్షణలో ఇంకో ఎనిమిది పరీక్షలు పెడుతోంది. రోజుకు సున్నా నుంచి ఐదు సెకన్లు ముందుకు పోవచ్చు, వెనకబడకూడదు. కొన్నవాళ్లు కార్డు మీది నంబరుతో తమ వాచీ ఫలితాలను చూసుకోవచ్చు కూడా.

అంకెల్లో రోలెక్స్ మాట గట్టిది. దాన్ని అది నిలబెట్టుకుంటుంది కూడా. కానీ నేను కొనేవాడిగా ఆలోచిస్తే, తయారుచేసినవాళ్లే ఇచ్చిన రెండు సెకన్ల హామీ కంటే, ప్రభుత్వ సంస్థ చూసి రాసిన ఐదు సెకన్ల కాగితానికి ఎక్కువ విలువ ఇస్తాను. విల్స్‌డార్ఫ్ పేరు తెచ్చుకున్నది బయటివాళ్ల సర్టిఫికెట్‌తోనే కదా. ఆయనే పెట్టిన టూడర్, అంటే రోలెక్స్ తమ్ముడు కంపెనీ, 2021 నుంచి కొన్ని వాచీలను మెటాస్ పరీక్షకు పంపుతోంది. తమ్ముడు వెళ్లిన చోటికి అన్న కూడా వెళ్తే బాగుంటుంది.

చేతికి పెట్టుకుంటే

ఒక్క వాచీయే కొనేవాళ్లు నిజంగా పోల్చాల్సినవి, 41 మిల్లీమీటర్ల సైజులో, రోలెక్స్ డేట్‌జస్ట్, ఒమేగా సీమాస్టర్ ఆక్వా టెర్రా. రెండూ ఆఫీసుకూ, పెళ్లికీ, వానకూ పనికొచ్చేవే. నీళ్ల లోతు డేట్‌జస్ట్‌కు 100 మీటర్లు, ఆక్వా టెర్రాకు 150. తీసి పక్కన పెడితే డేట్‌జస్ట్ 70 గంటలు నడుస్తుంది, ఆక్వా టెర్రా 60. శుక్రవారం రాత్రి తీసేసి సోమవారం పొద్దున పెట్టుకునేవాళ్లకు ఈ పది గంటలు అక్కరకొస్తాయి.

చెయిను విషయంలో రోలెక్స్ ముందు ఎవరూ నిలవరు. డేట్‌జస్ట్ లాక్ లోపల ఒక చిన్న లింకు మడత ఉంటుంది, దాన్ని తెరిస్తే చెయిను 5 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. పనిముట్టు అక్కర్లేదు. మే నెల బెజవాడ ఎండలో మధ్యాహ్నానికి మణికట్టు ఉబ్బి చెయిను కోసుకుపోయేవాళ్లకు అది ఎంత సుఖమో వేరే చెప్పనక్కర్లేదు. స్టీలు కూడా 904ఎల్ రకం, చెమట ఉప్పుకు తేలిగ్గా లొంగదు. ఏ వాచీ తీసుకున్నా మన వాతావరణంలో తోలు బెల్టు జోలికి పోకపోవడం మంచిది.

విదేశాల్లో ఉండేవాళ్లకు ఒక చిక్కు ఉంది, షాపులో ఎవరూ చెప్పరు. ఆక్వా టెర్రాలో వాచీ ఆపకుండా గంటల ముల్లు ఒక్కటే గంట గంటకు గెంతించొచ్చు. దుబాయి నుంచి లండన్ వెళ్లేవాడికి అది హాయి. మన టైము మాత్రం గ్రీనిచ్‌కు ఐదున్నర గంటలు. ఆ అరగంట దగ్గర ఉపాయం చెడుతుంది. డల్లాస్ నుంచి హైదరాబాద్ దిగితే నిమిషాల ముల్లు కూడా కదపక తప్పదు. రెండు చోట్ల టైము చూపించే రోలెక్స్ జీఎంటీ మాస్టర్‌దీ ఇదే ఇబ్బంది: నాలుగో ముల్లు గంటలే చూపిస్తుంది, అరగంట మనం మనసులో కలుపుకోవాలి. కాబట్టి ఇంటి టైము కోసమని జీఎంటీ మీద అదనంగా డబ్బు పెట్టేవాళ్లు మరోసారి ఆలోచించండి. పైగా తారీఖు మార్చడం డేట్‌జస్ట్‌లో క్షణం పని, ఆక్వా టెర్రాలో గంటల ముల్లును రోజులకు రోజులు తిప్పాలి.

ఇన్ని చూశాక నా తీర్పు: ఎక్కువమందికి ఒమేగాయే మేలు. చెయినులో, సెకన్ల లెక్కలో, వాడే సుఖంలో రోలెక్స్ ఒక మెట్టు పైన ఉంటుంది. కానీ కొత్త ఆలోచనకు తెగించడంలో, అయస్కాంతానికి జంకకపోవడంలో, పరీక్ష కాగితం మన చేతికివ్వడంలో, వెనక అద్దంలోంచి ఆ పనితనం చూపించడంలో ఒమేగా ఇచ్చేది ఎక్కువ. దానికి తీసుకునేది తక్కువ. పైగా షాపుకు వెళ్తే వాచీ ఉంటుంది. రోలెక్స్‌లో గిరాకీ ఎక్కువగా ఉన్న స్టీలు మోడళ్లకు పేరు రాయించుకుని ఎదురుచూడాలి, ఎప్పుడొస్తుందో షాపువాళ్లు కూడా చెప్పలేరు. ఆ టెన్షన్ పడటం ఇష్టం లేనివాళ్లు చాలామంది ఉన్నారు.

రోలెక్స్ కొనాల్సినవాళ్లు ఎవరంటే, వాచీ గురించి ఏమీ ఆలోచించకుండా పదేళ్లు కట్టుకు తిరగాలనుకునేవాళ్లు. రోలెక్స్ సర్వీసింగ్ దాదాపు పదేళ్లకోసారి అంటుంది, ఒమేగా ఐదు నుంచి ఎనిమిదేళ్లు అంటుంది. అవసరమొస్తే అమ్మి డబ్బు చేసుకోవాలన్న లెక్క ఉన్నవాళ్లకు కూడా రోలెక్సే. ఒమేగా షాపు బయటికి రాగానే ధర కొంత తగ్గుతుంది, అది ఒప్పుకోవాలి. వారంటీ రెండిటికీ ఐదేళ్లు.

స్పీడ్‌మాస్టర్ వేరే లెక్క. హెచ్ఎంటీ జనతకు పొద్దున్నే కీ ఇచ్చి చేతికి పెట్టుకున్న తరానికి అది కొత్తగా ఉండదు, ఎందుకంటే దానికీ రోజూ కీ ఇవ్వాలి. నీళ్లకు 50 మీటర్ల హామీయే, ఈతకు వాడకపోవడం మంచిది. తారీఖు లేదు. 2021 నుంచి 3861 కాలిబర్ వచ్చి అదీ మాస్టర్ క్రోనోమీటర్, అంటే మెటాస్ పరీక్ష నెగ్గిన వాచీ, అయింది. హెసలైట్ అద్దం ఉన్న రకం తీసుకోండి. అది ప్లాస్టిక్ జాతి అద్దం, గీతలు పడతాయి, పాలిష్ చేస్తే పోతాయి. పగిలినా గాజు ముక్కలై చెదరదు, నాసా వాచీలకు అదే ఉండేది. దాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే డయల్ సరిగ్గా మధ్యలో, ముళ్ల కీలు పైన, చీమ తలంత ఒమేగా గుర్తు అద్దంలో చెక్కి కనిపిస్తుంది. రోలెక్స్‌లో అలాంటి గుర్తు ఆరు అంకె దగ్గర అద్దంలో ఉంటుంది, కిరీటం ఆకారంలో, భూతద్దం ఉంటేనే కనబడేంత చిన్నది. 2000 దశకం మొదట్నుంచి వచ్చిన వాచీల్లో ఇది చూడొచ్చు. ఇప్పుడు నకిలీలు చేసేవాళ్లు వీటిని కూడా చెక్కుతున్నారు కాబట్టి గుర్తు ఉందని ఆగిపోకండి.

కొనేటప్పుడు 2 లక్షలు దాటిన బిల్లుకు పాన్ ఇవ్వాలి, అంత సొమ్ము నగదుగా తీసుకోరు. 2025 ఏప్రిల్ 22 నుంచి 10 లక్షలు దాటిన చేతి వాచీ మీద 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు వసూలు చేసి కట్టే ముందస్తు పన్ను) కూడా పడుతోంది, దాన్ని ఐటీ రిటర్నులో సర్దుకోవచ్చు. అమెరికా నుంచో దుబాయి నుంచో చుట్టాల చేత తెప్పిస్తే శంషాబాద్‌లో దిగగానే డిక్లేర్ చేసి డ్యూటీ కట్టించండి. లేకపోతే వాచీతో పాటు తెచ్చిన మనిషి కూడా చిక్కుల్లో పడతారు. పాత వాచీ కొంటే కార్డు, బాక్సు, సర్వీసు చేయించిన రసీదు అడగండి. డయల్ మళ్లీ రంగు వేసిందా, కేసు పాలిష్ చేసి అంచులు గుండ్రమయ్యాయా చూడండి. డెబ్భైల నాటి ఒమేగా కాన్‌స్టెలేషన్‌లో, సీమాస్టర్‌లో మంచివి ఇప్పటికీ కొత్త వాచీ ధరలో చిన్న భాగానికే దొరుకుతాయి. లోపలి రబ్బరు వాషర్లు ఎప్పుడు మార్చారో తెలిసేదాకా, డయల్ మీద ఎన్ని మీటర్లు రాసి ఉన్నా, దాన్ని కుళాయి కింద కూడా పెట్టకండి.